కడిగి బోర్లించిన సొరబుర్ర

పోయిన వారం మేం వ్యాను ఎక్కిన దగ్గర ఆగాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు జెరోనో. నకురు పట్నంలో బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. నా చిన్నతనంలో మా నాన్న చెబీ తేనె తీయడానికి బొగోరియా సరస్సుకు వెళ్ళి తిరిగి రాలేదు. సలసల కాగే బుగ్గ అంచున ఆయన టైరు చెప్పులూ, చేతికర్రా దొరికాయి. మనిషి దొరకలేదు. ఆ బుగ్గల్లో పడ్డవాడు దొరకడు. ఊరంతా వచ్చి ఏడ్చింది. మా అమ్మ తబుతానీ తల గొరిగించుకుంది. అంతటితో నాన్న కథ అయిపోయింది.

అయిపోయిందనే నేనూ అనుకున్నాను, మా తమ్ముడి కొడుక్కి పేరు పెట్టేదాకా. మాలో బిడ్డకు పేరు ఊరికే తోచింది పెట్టరు. పోయిన పెద్దల్లో ఎవరో ఒకరు బిడ్డలోకి తిరిగి వస్తారు. ఇంటి పెద్దావిడ బిడ్డ ముక్కు దగ్గర చిటికెడు పొడుం పెట్టి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంది. ఏ పేరుకు తుమ్మితే ఆ పెద్ద వచ్చినట్టు. బతికున్నవాళ్ళ పేరు మాత్రం పొరపాటున కూడా పిలవరు. పిలిస్తే వాళ్ళ ప్రాణానికే ముప్పు. ఆ రోజు అమ్మ మా ముత్తాతల్ని పిలిచింది, వాళ్ళ అన్నదమ్ముల్ని పిలిచింది, తాగి తాగి పోయిన మా పెదతాతను కూడా పిలిచింది. కట్టుకున్న మొగుణ్ణి పిలవలేదు. బిడ్డ ముత్తాత పేరుకు తుమ్మాడు. ముసలావిడ కదా, మరిచిపోయిందిలే అనుకున్నారు అందరూ. నేను అనుకోలేదు. కూరలో ఉప్పు ఏనాడూ మరవని మనిషి మొగుణ్ణి మరిచిపోతుందా?

ఆ తర్వాత బిడ్డకు ఒకటే ఏడుపు, ఒళ్ళు వెచ్చన. డాక్టరు మందిచ్చాడు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. పేరు కుదరలేదు, మళ్ళీ పిలవాలి అన్నారు పెద్దవాళ్ళు. మా తమ్ముడు కిమోసోప్‌కు కావలసింది అదే. నాన్న పోయిన చోటే, ఆ బుగ్గల దగ్గరే పిలిపిద్దామన్నాడు. అమ్మతో మాత్రం ఆ మాట అనలేదు. "పిల్లాడికి కొంగల్ని చూపిద్దాం, గుడ్లు ఉడకేసుకుందాం, సరదాగా వెళ్ళొద్దాం" అన్నాడు. అమ్మ ఒప్పుకుంది. వెంటనే ఒప్పుకుంది. నాకు అనుమానం ముదిరింది అక్కడే.

వ్యాను కిమోసోప్‌దే, నడిపేదీ వాడే. పక్కన వాడి పెళ్ళాం తెక్లా, ఒళ్ళో బిడ్డ. వెనక నేనూ అమ్మా. అమ్మ ఒళ్ళో శాలువా కింద ఒక సొరబుర్ర ఉంది. లోపల బొగ్గుపొడి పూసి పులియబెట్టిన పాలు, ముర్సిక్, అందులో ఉన్నాయి. ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళకు మేం ముందుగా అందించేది అదే. మేమేమో ఇంటి నుంచి బయలుదేరి పోతున్నాం.

"ముర్సిక్ ఎవరికమ్మా?" అన్నాను.

"దారిలో తాగడానికి."

"దారి సగం అయిపోయింది."

"నీకు నోరు ఎండితే చెప్పు, నీళ్ళిస్తా."

కాసేపటికి తెక్లా వెనక్కి తిరిగి, "అత్తయ్యా, ఆ ముర్సిక్ ఒక గుక్క పోయండి, కడుపులో తిప్పుతోంది" అంది. అమ్మ సంచిలోంచి టీ ఫ్లాస్కు తీసి అందించింది. పాలిచ్చే కోడలు అడిగితే కూడా మూత తీయలేదు. నేను కిటికీలోంచి చూస్తున్నట్టే ఉండి, అద్దంలో అమ్మనే చూస్తూ కూర్చున్నాను.

సరస్సుకు పోయే లోబొయ్ గేటు దగ్గర కోబిలో పిన్ని గుడ్ల బుట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు మా పక్కింటావిడ. వాళ్ళాయన కోమెన్, మా నాన్న కలిసి చెట్లకు బోలు దుంగలు కట్టి తేనెపట్లు పెట్టేవాళ్ళు. నాన్న పోయిన వారంలోనే కోమెన్ మొంబాసా రేవుకు పనికి వెళ్ళిపోయాడని పిన్ని చెప్పింది. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. సముద్రం ఎండిపోయాక నడిచొస్తాడులే అని ఊళ్ళో ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు, పిన్ని కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. తర్వాత ఊరొదిలి వచ్చి ఈ గేటు దగ్గర గుడ్లూ, పూసలు కుట్టిన సొరబుర్రలూ అమ్ముకుంటోంది.

పూసల పని బాగుంటుంది పిన్నిది. ఎర్రపూసలు రెండు, నీలం ఒకటి. ఎడమచేతి వాటం కాబట్టి కుట్టు అంతా ఎడమకు వాలుతుంది. సూది పట్టుకుని బతికేదాన్ని, ఇలాంటివి నా కంట్లో పడతాయి.

"ఏమే జెరోనో, పెద్దదానివై మమ్మల్ని మరిచిపోయావు!" అంటూ లేచి వచ్చింది. బిడ్డ బుగ్గ గిల్లింది. కిటికీలోంచి లోపలికి తొంగిచూసింది. "బాగున్నావా అక్కా?"

"ఆఁ" అంది అమ్మ. మొహం మాత్రం అటు తిప్పలేదు.

"ఉప్పుమట్టి కాలం కాదుగా, ఇప్పుడొచ్చావే?"

అమ్మ ఏటా వానలకు ముందు ఆవులకు ఉప్పుమట్టి తేవడానికి సరస్సుకు వస్తుంది. ఒంటరిగానే వస్తుంది. మమ్మల్ని ఒక్కసారీ తీసుకురాలేదు.

"మనవణ్ణి చూపించడానికి" అంది అమ్మ.

పిన్ని చూపు శాలువా మీద ఆగింది. "ఆ బుర్ర ఎవరికక్కా?"

అమ్మ శాలువా ఇంకాస్త లాక్కుని, "పోనీరా కిమోసోప్, ఎండెక్కుతోంది" అంది. తెక్లా గుడ్లు కొంది. వ్యాను కదిలాక నేను వెనక్కి తిరిగి చూశాను. పిన్ని గుడ్ల మీద గుడ్డ కప్పేసి, బేరం కట్టేసి, మా వెనకే చూస్తూ నిలబడి ఉంది.

సరస్సు పొంగి పాత రోడ్డును మింగేసింది. ఇప్పుడు రాళ్ళ మీదుగా కొత్త దారి వేశారు. నాన్న చెప్పులు దొరికిన బుగ్గ కూడా నీళ్ళలో కలిసిపోయిందని కిమోసోప్ అన్నాడు. అది ఉన్న చోట సరస్సు మధ్యలో నీళ్ళు తెల్లగా మరుగుతున్నాయి. ఒడ్డంతా కొంగలు, గులాబి రంగు పరిచినట్టు. ఒక మెలికల కొమ్ముల దుప్పి దారికి అడ్డంగా నిలబడి, మమ్మల్ని ఎగాదిగా చూసి, తొందరేమీ లేనట్టు పొదల్లోకి పోయింది. తెక్లా సంబరంగా చప్పట్లు కొట్టింది. ఆమె ఒక్కతే నిజంగా విహారానికి వచ్చింది, పాపం.

మిగిలిన బుగ్గల దగ్గర వ్యాను ఆపాం. నేల కింద ఎవరో తంతున్నట్టు నీళ్ళు ఎగిరి పడుతున్నాయి. గంధకం వాసన, ఆవిరి. తెక్లా గుడ్లనూ మొక్కజొన్న కంకుల్నీ తీగబుట్టలో పెట్టి వేడినీటి కాలువలోకి దించింది. ఒక అడవి కోతి ఆ బుట్ట మీదే కన్నేసి కూర్చుంది.

అమ్మ లేచింది. "ఒంటికి వెళ్ళొస్తా."

"పద, నేనూ వస్తా."

"ఒంటికి వెళ్ళడానికి తోడెందుకే?"

"కోతులున్నాయి."

అమ్మ మళ్ళీ కూర్చుంది. కాసేపటికి కాళ్ళు తిమ్మిరెక్కాయి, నాలుగడుగులు వేస్తానంది. నాకూ ఎక్కాయన్నాను. అమ్మ నా వంక కోపంగా చూసింది. సొరబుర్ర ఇంకా శాలువా కిందే ఉంది. ఆమె కళ్ళు మాత్రం మాటిమాటికీ గట్టు మీద ఉన్న నల్లబండ వైపు పోతున్నాయి. ఆ బండ పక్క తుమ్మచెట్టు మీద పాత తేనెపట్టు దుంగ ఒకటి వేలాడుతోంది.

గుడ్లు ఉడికాయి. కిమోసోప్ ఒకటి ఒలిచి అమ్మ చేతిలో పెట్టి, జేబులోంచి పొడుం డబ్బా తీశాడు.

"అమ్మా, నాన్న పేరు పిలువు."

అమ్మ గుడ్డు అలాగే పట్టుకుని ఉండిపోయింది. "ఇందుకా నన్ను తీసుకొచ్చింది?"

"ఇందుకే."

"ఈ ఆవిరి పిల్లాడికి పడదు. ఇంటికెళ్ళాక చూద్దాం."

"ఇంట్లో పిలిచావుగా, అందర్నీ పిలిచావు. ఆ తాగుబోతు తాతను కూడా పిలిచావు. మా నాన్న ఏం పాపం చేశాడు?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను" అన్నాడు వాడు. అంత మనిషీ ఏడుపు ఆపుకుంటున్నాడు. "నాకు ఆయన మొహం కూడా గుర్తులేదమ్మా. అక్కకు కాస్త గుర్తుంది. నాకు ఏమీ లేదు. నా కొడుకులోనైనా ఆయన్ని చూసుకుంటా. అది కూడా అడగకూడదా నేను?"

తెక్లా బిడ్డను గుండెలకు హత్తుకుని మొగుడి వైపూ అత్త వైపూ చూస్తోంది. అమ్మ కదల్లేదు. పిలవను అనలేదు, పిలుస్తాననీ అనలేదు. ఆ మౌనం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నేను ఈ సరస్సును తిట్టుకుంటూ పెరిగాను. ఇంట్లో నీళ్ళు మరిగే చప్పుడు వింటే ఇప్పటికీ పొయ్యి ఆర్పేస్తాను. ఈవిడకు మాత్రం ఏదో తెలుసు. తెలిసీ మాకు చెప్పలేదు.

డబ్బా తమ్ముడి చేతిలోంచి లాక్కున్నాను. "మేనత్తను. నాకూ హక్కుంది."

"వద్దే జెరోనో."

"ఎందుకు వద్దో చెప్పు, మానేస్తా."

చెప్పలేదు. చిటికెడు పొడుం తీసి బిడ్డ ముక్కు కింద పెట్టాను. మిగతా పెద్దల పేర్లన్నీ వదిలేసి, గట్టిగా, బుగ్గల హోరుకు మించి పిలిచాను.

"చెబీ, వచ్చావా? చెబీ!"

అమ్మ నా మీదకు దూకింది. ఆ వయసులో అంత వేగం ఎక్కడిదో తెలియదు. డబ్బా ఎగిరి రాళ్ళ మీద పడింది. ఆమె అరచేయి నా నోటిని మూసేసింది.

"బతికున్నవాడి పేరు పిలవకే, దరిద్రురాలా!"

అదే క్షణంలో బిడ్డ తుమ్మాడు.

బుగ్గ ఒకసారి ఎగదన్ని, మా అందరి మీదా వెచ్చని తుంపర చల్లింది. కోతి ఇదే అదనుగా కంకి ఒకటి ఎత్తుకుపోయింది. దాన్ని తరమాలని ఎవరికీ తోచలేదు.

ముందుగా తేరుకున్నది కిమోసోప్. "బతికున్నాడా?" అన్నాడు. "ఎక్కడ?"

అమ్మ రాతి మీద కూలబడింది. చేతిలో నలిగిపోయిన గుడ్డును కింద పెట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ చెప్పులు తెచ్చి నా ముందు పెట్టారు. పట్టీలు రెండూ విప్పి ఉన్నాయి. పక్కపక్కనే పెట్టి ఉన్నాయన్నారు, కర్ర వాటి మీద అడ్డంగా పెట్టి. కాలు జారేవాడు పట్టీలు విప్పుకుని జారతాడట్రా? నాకు అప్పుడే తెలిసింది. తేనెపట్ల దగ్గర మీ నాన్నకూ కోమెన్‌కూ గొడవైంది. నా పట్టంటే నా పట్టని. తోపులాటలో కోమెన్ బుగ్గలో పడ్డాడు. వాళ్ళవాళ్ళు ఊరుకుంటారా? ప్రాణానికి ప్రాణం అని నా పిల్లల మీదకొస్తారు. అందుకే పోయింది తనే అనిపించి, మీ నాన్న దాక్కున్నాడు. మీకోసమే."

"కోమెన్ మొంబాసాలో ఉన్నాడుగా?" అంది తెక్లా.

"మొంబాసా అని పెళ్ళాం అంది. మొగుడు కనబడకపోతే ఆడది ఏదో ఒకటి అంటుంది." అమ్మ గొంతు తగ్గింది. "ఆవిడ మొహం చూడలేక చచ్చిపోతున్నాను ఇన్నేళ్ళుగా. నీ మొగుడు లేడు, ఎదురుచూడకు అని ఒక్క మాట చెప్పలేకపోయాను."

"ఇదంతా నాన్న చెప్పాడా నీకు?" అన్నాను.

"చెప్పక్కర్లేదు. ఏడుపులు అయిపోయాక వాళ్ళ తేనెపట్టు దగ్గర, ఆ నల్లబండ వెనక ముర్సిక్ బుర్ర పెట్టొచ్చాను. మళ్ళీ వెళితే ఖాళీ చేసి, కడిగి, బోర్లించి ఉంది. అప్పట్నుంచి ఏటా పెడుతున్నాను. ఏటా కడిగి బోర్లించే ఉంటుంది."

"ఏ కోతో తాగి ఉంటుందమ్మా" అన్నాడు కిమోసోప్, ఏడుస్తూ నవ్వుతూ.

"కోతి కడిగి బోర్లించదు."

"ఒక్కసారైనా ఆయన్ని చూశావా?" నా అనుమానం నన్ను వదల్లేదు.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "చూస్తే ఎవరికో చెప్పాల్సి వస్తుంది. అందుకే చూడలేదు."

నాన్న ఉన్నాడు. అటు నల్లబండ వెనక, ఈ ఆవిర్లలో ఎక్కడో ఉన్నాడు. నాకు సంతోషమో కోపమో తెలియలేదు. ఇన్నేళ్ళు మేం తండ్రి లేని పిల్లలమని జాలిపడ్డవాళ్ళ ముందు తలొంచుకుని తిరిగాం. ఈవిడ ఏడాదికోసారి ఆయనకు పాలు పోసి వచ్చి, మా ముందు విధవలా కూర్చుంది. అమ్మను కౌగిలించుకోవాలనీ, పట్టుకుని కుదిపేయాలనీ అనిపించింది.

తెక్లా మెల్లిగా అంది: "మరి వీడు తుమ్మాడుగా, అత్తయ్యా."

పొడుం పెడితే ఎవరైనా తుమ్ముతారు, అందామనుకున్నాను. కానీ ముందుసారి అదే పొడుం పెట్టుకుని ఎన్నో పేర్లకు కిమ్మనకుండా పడుకున్న బిడ్డ వీడు. తుమ్మాడంటే ఆ పేరు గలవాడు వచ్చేసినట్టే. వచ్చేశాడంటే పోయినట్టే. నా నోటితో పిలిచింది నేనే. పొడుం అంటిన వేళ్ళను బట్టలకేసి తుడుచుకున్నాను.

అమ్మ అప్పటికే గట్టు ఎక్కుతోంది. శాలువా జారి రాళ్ళ మీద పడింది, పట్టించుకోలేదు. ముర్సిక్ బుర్రను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని పోతోంది. మేం వెనక పరిగెత్తాం.

నల్లబండ వెనక, తేనెపట్టు దుంగ కింద, గడ్డి తొలగించిన చిన్న చోటు ఉంది. అక్కడ అమ్మ బుర్ర ఉంది. మా ఇంటి తోలుపట్టీ, మూత మీద గవ్వ. పోయినసారి తెచ్చిందే. శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది. అమ్మ దాన్ని ఎత్తి వాసన చూసి, పకపకా నవ్వింది. "చూశారా? చూశారా? ఉన్నాడు!" అంటూ కిమోసోప్ చెంపలు పట్టుకుంది. వాడు అమ్మ భుజం మీద తల పెట్టి బావురుమన్నాడు.

నేను నవ్వలేదు. అమ్మ బుర్ర ఎత్తిన చోటికి పక్కనే, గడ్డి చాటున, ఇంకో బుర్ర ఉంది. అదీ ఖాళీ చేసి ఉంది. అదీ కడిగి బోర్లించి ఉంది. ఇంకా తడి కూడా ఆరలేదు. మెడ చుట్టూ ఎర్రపూసలు రెండు, నీలం ఒకటి. కుట్టు ఎడమకు వాలి ఉంది.

వంగి దాన్ని అందుకోబోయాను.

"ముట్టుకోకే జెరోనో. అది మా ఆయనది."

కోబిలో పిన్ని బండ పక్కన నిలబడి ఉంది. రొప్పుతోంది. గేటు దగ్గర నుంచి అడ్డదారిన మా వెనకే వచ్చినట్టుంది. ఆమె అమ్మ చేతిలోని గవ్వమూత బుర్రను చూసింది. అమ్మ ఎర్రపూసల బుర్రను చూసింది.

"మీ ఆయనా?" అంది అమ్మ. "కోబిలో, మీ ఆయన బుగ్గలో..." మాట మధ్యలో ఆగిపోయింది.

"బుగ్గలో పడింది మీ ఆయనక్కా" అంది పిన్ని మెల్లగా. "తేనెపట్ల కాడ కొట్టుకున్నారు. మీ ఆయన పడ్డాడు. మా ఆయన ఆ చెప్పులు తీసి అంచున సర్దిపెట్టి, నీకూ నీ పిల్లలకూ మొహం చూపించలేక దాక్కున్నాడు. మొంబాసా అని అబద్ధమాడింది నేనే. నెలనెలా ఇక్కడ పాలు పెడుతున్నా, ఆ గవ్వబుర్ర ఎవరో తేనె తీసేవాళ్ళదనుకున్నా. కడిగి బోర్లించి పెడతాడు."

"నువ్వు చూశావా ఆయన్ని?" అన్నాను.

"చూస్తే మీ అమ్మకు చెప్పాల్సి వస్తుంది. అందుకే చూడలేదు."

రెండు బుర్రలు. ఇద్దరు ఆడవాళ్ళు. బుగ్గలో పడింది ఒకడు, తాగుతున్నది ఒకడు. ఎవరు ఎవరో ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. తెక్లా చేతుల్లో బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు. నేను పిలిచిన పేరుకు తుమ్మాక వాడు మళ్ళీ ఏడవలేదు. అది ఇప్పుడే గమనించాను.

అప్పుడు పైన పొదల్లో, ఆవిరి వెనకాల, ఎవరో దగ్గారు. ముసలి మగవాడి దగ్గు.

"చెబీ!" అంది అమ్మ.

"కోమెన్!" అంది కోబిలో పిన్ని.

ఇద్దరూ ఒకేసారి పిలిచారు. దగ్గు ఆగిపోయింది. ఎండుటాకుల మీద ఒక అడుగు చప్పుడైంది. ఆ మనిషి ఏ పేరుకు పలుకుతాడా అని, మేమంతా పొదల వైపు చూస్తూ నిలబడ్డాం.